ఓఏఈ టెస్ట్ రివ్యూ: డిశ్చార్జికి ముందు బిడ్డ చెవికి చేసే పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

కాన్పయిన రెండో రోజో మూడో రోజో నర్సో టెక్నీషియనో ఫోనంత మిషను పట్టుకుని గదిలోకి వస్తారు. బిడ్డ చెవిలో చిన్న రబ్బరు టిప్ పెట్టి ఒక నిమిషం చూస్తారు. రెండో చెవికీ అంతే. ‘పాస్’ అనో ‘రిఫర్’ (అంటే మళ్లీ చూడాలి) అనో ఉన్న చీటీ ఫైల్లో పెట్టి వెళ్తారు. బిల్లులో ‘ఓఏఈ’ అని ఒక లైను పడుతుంది. పాలు పడలేదన్న బెంగ, కామెర్ల భయం, డిశ్చార్జి హడావుడి... వీటి మధ్య ఆ చీటీలో ఏముందో చదివేవాళ్లు తక్కువ.

ఈ రివ్యూ పసిబిడ్డ వినికిడిని చూసే ఆ సేవ గురించి. ఏ ఒక్క ఆసుపత్రినో కంపెనీనో ఉద్దేశించింది కాదు. నర్సింగ్ హోముల్లో, జిల్లా ఆసుపత్రుల్లో, పిల్లల క్లినిక్కుల్లో దాదాపు ఒకే తీరుగా అందుతున్న పరీక్ష ఇది. దాని బలం ఎక్కడుంది, ఎక్కడ చెడుతుంది అన్నది చెప్తున్నాం. మార్కులు ముందే: పరీక్షకు ఐదుకి నాలుగున్నర, అది చాలాచోట్ల అందుతున్న తీరుకు మూడు. తగ్గిన ఆ ఒకటిన్నరలో మిషను వాటా కొంచెమే. టిప్ సరిగ్గా కూర్చోబెట్టకపోవడం, రిఫర్ వచ్చిన బిడ్డను మళ్లీ పిలిపించకపోవడం, బాక్సులో ఉండి వచ్చిన బిడ్డకు కూడా ఇదొక్కటే చేసి పంపేయడం, మిగతాదంతా ఈ మూడింటి పుణ్యమే.

మిషను వినేది ఏమిటి

చెవి చప్పుడు చేస్తుంది. చాలామందికి ఈ మాటే కొత్త. లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలో రోమకణాలు రెండు రకాలు: లోపలి వరుసలో సుమారు 3,500, బయటి మూడు వరుసల్లో సుమారు 12,000. నరం ద్వారా మెదడుకు కబురు పంపేది లోపలి వరుస. బయటి కణాల పని వేరు. శబ్దం తగలగానే అవి ఆ లయకు తగ్గట్టు పొట్టివవుతూ పొడవవుతూ కదిలి, మెల్లటి శబ్దాన్ని పెంచి లోపలి వరుసకు అందిస్తాయి. ఆ కదలికలో కొంత వెనక్కి మళ్లి, మధ్యచెవి ఎముకల గుండా కర్ణభేరిని కదిలించి, చెవి రంధ్రంలో శబ్దమై తేలుతుంది. ఓటోఅకౌస్టిక్ ఎమిషన్, పొట్టిగా ఓఏఈ అంటే ఇదే.

1948లోనే థామస్ గోల్డ్ అనే శాస్త్రవేత్త కాక్లియాలో శబ్దానికి బలమిచ్చే ఏర్పాటు ఏదో ఉండి తీరాలని వాదించారు. అప్పట్లో ఆ మాట నిలబడలేదు. 1978లో లండన్‌లో డేవిడ్ కెంప్ మనిషి చెవిలో ‘టిక్’ మనిపించి, కొన్ని మిల్లీసెకన్ల తర్వాత చెవిలోంచి తిరిగొచ్చిన శబ్దాన్ని మైక్రోఫోనుతో పట్టి చూపించారు. 1985లో విలియం బ్రౌనెల్ బృందం బయటి రోమకణాలు విద్యుత్తుకు పొడవు మార్చుకోవడాన్ని చూపింది. 2000లో పీటర్ డాలస్ ప్రయోగశాల ఆ కదలికకు మూలమైన ప్రోటీన్‌ను పట్టుకుంది. దాని పేరు ప్రెస్టిన్. చెవిలోంచి వచ్చే ఆ శబ్దాన్ని కెంప్ పట్టి చూపించారు కాబట్టే ఇవాళ పొత్తిళ్లలో బిడ్డను నిద్ర లేపకుండా చెవి చూడగలుగుతున్నాం.

ఈ శబ్దం వస్తోందంటే అర్థం: చెవి రంధ్రం తెరిచి ఉంది, మధ్యచెవి పనిచేస్తోంది, బయటి రోమకణాలు బతికి ఉన్నాయి. అంతవరకే. దాని వెనకున్న లోపలి కణాల గురించి, నరం గురించి, మెదడు గురించి ఈ పరీక్ష ఒక్క మాట కూడా చెప్పదు. ఈ వాక్యం గుర్తుంచుకోండి, కింద దీనితో చాలా పని ఉంది.

మిషన్లలో రెండు పద్ధతులుంటాయి. చీటీ మీద టీఈ అని గానీ డీపీ అని గానీ రాసి ఉంటుంది.

టీఈ పద్ధతిలో ప్రోబులోని (చెవిలో పెట్టే మొనలోని) స్పీకరు 80 మైక్రోసెకన్ల నిడివి ఉన్న క్లిక్కులను వినిపిస్తుంది. క్లిక్కు క్లిక్కుకీ మధ్య దొరికే కొద్ది మిల్లీసెకన్లలో మైక్రోఫోను వింటుంది. 4,000 హెర్ట్జ్ దగ్గరి జవాబు ముందు వస్తుంది, 1,000 హెర్ట్జ్ దగ్గరిది ఆలస్యంగా వస్తుంది, ఎందుకంటే సన్నటి స్వరాల చోటు కాక్లియా మొదట్లో, బొంగురు స్వరాల చోటు చివర్లో ఉంటుంది. ఇక్కడొక చిక్కుంది. క్లిక్కు పడగానే చెవి రంధ్రం కూడా గంట మోగినట్టు కాసేపు మోగుతుంది. ఆ మోత ఏది, కాక్లియా జవాబు ఏది? కెంప్ తరం ఇంజినీర్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఎంతో అందమైనది. నాలుగు క్లిక్కులను ఒక జట్టుగా పంపుతారు: మూడు ఒకే బలంతో, నాలుగోది మూడింతల బలంతో తలకిందులుగా. నాలుగు జవాబులనూ కూడితే రంధ్రం మోత ఒకటి, ఒకటి, ఒకటి, మైనస్ మూడు అయి సున్నాకు కొట్టుకుపోతుంది. కాక్లియా మాత్రం అలా లెక్క కట్టినట్టు పెరగదు. మూడింతలు గట్టిగా అడిగినా మూడింతల జవాబివ్వదు. అందుకే కూడిక చివర అది మిగులుతుంది. ఆ మిగిలిందే పరీక్ష. ఇలాంటి క్లిక్కులు రెండు వేలకు పైగా పోగేస్తే పూర్తి రికార్డింగు. సద్దు లేని గదిలో, నిద్రపోతున్న బిడ్డకు నిమిషం లోపే అయిపోతుంది. జవాబు బాగుంటే మిషను ముందే ఆపేస్తుంది.

డీపీ పద్ధతిలో రెండు స్వరాలను ఒకేసారి వినిపిస్తారు. రెండో స్వరం 4,000 హెర్ట్జ్ అయితే మొదటిది దాన్ని 1.22తో భాగించగా వచ్చే 3,279. బాగున్న కాక్లియా ఈ రెండింటినీ కలగలిపి, బయట ఎవరూ వినిపించని మూడో స్వరాన్ని తనంతట తానే పుట్టిస్తుంది: మొదటిదానికి రెట్టింపులోంచి రెండోది తీసేయగా వచ్చే సుమారు 2,558 హెర్ట్జ్. మిషను సరిగ్గా ఆ ఒక్క చోట వెతుకుతుంది. స్వరాల బలం మామూలుగా 65, 55 డెసిబెల్స్. రెండో స్వరాన్ని 2,000, 3,000, 4,000, 5,000 దగ్గర మార్చి మార్చి చూస్తారు.

పసిబిడ్డల స్క్రీనింగుకు ఏది మేలని తరచూ అడుగుతారు. రెండూ సరిపోతాయి. మిషను పద్ధతి కన్నా పట్టుకున్న చెయ్యే ఎక్కువ తేడా తెస్తుంది. క్యాన్సరుకు సిస్ప్లాటిన్, మొండి క్షయకు అమికాసిన్ వాడుతున్నవాళ్ల చెవులను నెలనెలా గమనించడానికి మాత్రం మా ఓటు డీపీకే. మందుల దెబ్బ మొదట తగిలే పైస్వరాలను అది ఇంకా పైదాకా వెళ్లి చూడగలదు.

పరీక్ష సరిగ్గా చేస్తే ఎలా ఉంటుంది

మొదటి విషయం వేళ. పుట్టిన 24 గంటల లోపు చేయించొద్దు. చెవి రంధ్రంలో పుట్టుకతో వచ్చిన తెల్లటి జిడ్డు, మధ్యచెవిలో ఉమ్మనీరు ఇంకా ఉంటాయి. చెవి భేషుగ్గా ఉన్నా రిఫర్ వస్తుంది, తల్లి గుండె గుభేలుమంటుంది. 48 గంటలు దాటితే మంచిది, సిజేరియన్ బిడ్డకైతే మరీ. ఎలాగూ సిజేరియన్ వాళ్లు మూడు నాలుగు రోజులుంటారు. డిశ్చార్జి రోజు పొద్దున చేస్తే సరిపోతుంది. సాధారణ కాన్పయి మర్నాడే ఇంటికి వెళ్లిపోయేవాళ్లకే ఇబ్బంది. అప్పుడు వారం రెండు వారాల్లో మళ్లీ రమ్మనడమే నయం.

రెండోది నిద్ర. పాలు తాగి, త్రేన్పు తీసి, పొత్తిళ్లలో చుట్టి పడుకోబెట్టిన అరగంటకు చేసే పరీక్షే పరీక్ష. పాలు చీకుతుండగా చేస్తే దవడ కదలిక మైక్రోఫోనులో పిడుగులా పడుతుంది. వెక్కిళ్లు, ముక్కు గురక, పక్కనే ఫోటోథెరపీ ఫ్యాను, నెత్తిమీద ఏసీ, చూడవచ్చిన చుట్టాల కబుర్లు, అన్నీ కలిసి 1,500 హెర్ట్జ్ కింద ఉన్న భాగాన్ని ముంచేస్తాయి. అందుకే పసిబిడ్డల పరీక్షలో 1,000 హెర్ట్జ్ గడి తరచూ ఖాళీగా ఉంటుంది. మిషన్లు అసలు లెక్క 1,500 లేదా 2,000 నుంచి 4,000 దాకా చూసుకుంటాయి. ఆ ఒక్క గడి ఖాళీ చూసి బెంబేలు పడొద్దు.

మూడోది నూనె. మన ఇళ్లలో లాలపోసే ముందు ఒళ్లంతా నూనె రుద్ది, చెవుల్లో కూడా రెండు చుక్కలు వేయడం ఇంకా ఉంది. ఆ నూనె కర్ణభేరి ముందు నిలిస్తే శబ్దం వెళ్లదు, తిరిగి రాదు. ప్రోబు రంధ్రంలోకి పాకితే ఆ పూట మిషనే మూలపడుతుంది. తిరిగి పరీక్షకు వెళ్లే ముందు వారం రోజులు చెవిలో నూనె చుక్క పడకుండా చూడమని నానమ్మకు, అమ్మమ్మకు, లాలపోసే ఆమెకు ముందే చెప్పండి. మామూలు రోజుల్లోనూ వేయొద్దనే మా మాట. చెవి తనను తాను శుభ్రం చేసుకుంటుంది.

ఇక టిప్. పసిగుడ్డు చెవి రంధ్రం మెత్తగా, అటూ ఇటూ అతుక్కుని ఉంటుంది. చెవి డొప్పను మెల్లగా వెనక్కి, కిందికి లాగితే తెరుచుకుంటుంది (పెద్దవాళ్లకైతే వెనక్కి, పైకి). రంధ్రం కన్నా ఒక్క పిసరు పెద్ద టిప్ ఎంచి, కొద్దిగా తిప్పుతూ లోపలికి నెట్టి వదిలేయాలి. చెయ్యి తీసేసినా ప్రోబు తనంతట తాను నిలబడితే సరిగ్గా కూర్చున్నట్టు. వేలితో అదిమి పట్టుకుని చేస్తున్నారంటే టిప్ సైజు తప్పు. ఆ వేలి వణుకు కూడా మిషను వింటుంది. వైరును పొత్తిలి గుడ్డకు క్లిప్పుతో తగిలించాలి, బిడ్డ చెంపను రాసుకోకూడదు.

రిఫర్ వస్తే చేయి తిరిగినవాళ్లు వెంటనే మళ్లీ బటన్ నొక్కరు. ప్రోబు బయటికి తీసి టిప్ కొసను వెలుతురులో చూస్తారు. చాలాసార్లు అక్కడ ఆవగింజంత తెల్లటి జిడ్డు కనిపిస్తుంది, రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. టిప్ మార్చి, చెవి ముందున్న చిన్న గుబ్బ దగ్గర మెల్లగా నిమిరి మళ్లీ పెడితే పాస్ వస్తుంది. ఇది మోసం కాదు, పని తెలిసిన పద్ధతి. మోసం ఇంకోటుంది: అదే చెవికి ఆరుసార్లు, ఎనిమిదిసార్లు బటన్ నొక్కుతూ పోవడం. ఏదో ఒకసారి రొద కలిసొచ్చి మిషను పాస్ అంటుంది. అది పిల్లాడు తెచ్చుకున్న పాస్ కాదు, లాటరీలో తగిలింది. ఒక పూటలో ఒక చెవికి సరైన ప్రయత్నాలు రెండు, అంతే. అప్పటికీ రాకపోతే రిఫర్ అని రాసి తేదీ ఇవ్వాలి.

చీటీ ఎలా చదవాలి

‘పాస్’ అన్న ఒక్క ముక్క ముద్రించి ఇస్తే ఆ సేవకు అర మార్కు తగ్గించుకోవచ్చు. మంచి చీటీలో ప్రతి చెవికి విడిగా గడులుంటాయి: ఏ హెర్ట్జ్ దగ్గర జవాబు ఎన్ని డెసిబెల్స్, అక్కడ రొద ఎన్ని డెసిబెల్స్, రెండింటి తేడా ఎంత. ఆ తేడానే ఎస్ఎన్ఆర్ అంటారు. 6 డెసిబెల్స్ తేడా ఉందంటే జవాబు పీడనం రొదకు రెట్టింపు ఉన్నట్టు. డీపీలో మామూలుగా అడిగేది అదే. టీఈలో కొన్ని మిషన్లు 3కే ఒప్పుకుంటాయి, కొన్ని 6 అడుగుతాయి. ఇన్ని గడుల్లో ఇన్ని వస్తే పాస్ అన్న షరతు ఆ ఆసుపత్రి సెట్టింగు మీద ఆధారపడుతుంది, అది ఏమిటో అడిగే హక్కు మీకుంది. టీఈ చీటీలో రిప్రొడ్యుసిబిలిటీ అని శాతం కూడా ఉంటే చూడండి. మిషను రికార్డింగును రెండు భాగాలు చేసి, రెండూ ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే అంకె అది. 70 దాటితే నమ్మకంగా ఉన్నట్టు.

జవాబు గడి చిన్నగా, రొద గడి పెద్దగా ఉండి రిఫర్ వచ్చిందా, అది గదికి వచ్చిన రిఫర్. రొద తక్కువగా ఉండీ జవాబు లేకపోతే అది చెవి గురించి అడగాల్సిన ప్రశ్న. ఈ రెండింటికీ ఒకే ముద్ర కొట్టి పంపేయడం ఈ సేవలో మాకు బొత్తిగా నచ్చని పని. మొదటిదానికి ఆ సాయంత్రమే తిరిగి చేస్తే చాలు.

రిఫర్ అంటే చెవుడు కాదు. పుట్టుకతో శాశ్వత వినికిడి లోపం వెయ్యి మందిలో ఒకరి నుంచి ముగ్గురికి ఉంటుంది. మొదటి స్క్రీనింగులో రిఫర్ వచ్చేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది రెండో పరీక్షలో తేలిపోతారు. కానీ ఆ ఒకరిద్దరు కూడా ఈ గుంపులోనే ఉంటారు. అందుకే ‘ఏం కాదులే, నీరుండి ఉంటుంది’ అని నవ్వుతూ పంపేసే మాట ఎంత తప్పో, ‘మీ బాబుకి వినపడదేమో’ అని మంచం దగ్గరే అనేసే మాటా అంతే తప్పు. అనాల్సిన మాట ఇంతే: “ఈ రోజు ఈ చెవి జవాబు మాకు దొరకలేదమ్మా, ఫలానా తేదీకి తప్పకుండా తీసుకురండి.”

ఈ పరీక్ష సరిపోని బిడ్డలు

ఇక్కడే ఈ సేవ ఎక్కువచోట్ల తప్పుతోంది, ఇదే మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. బాక్సులో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డ, వెంటిలేటరు మీద ఉన్న బిడ్డ, కామెర్లు ముదిరి రక్తం మార్చాల్సి వచ్చిన బిడ్డ, పుట్టగానే ఏడవక ఆక్సిజన్ అందని బిడ్డ, నెలలు బాగా తక్కువగా పుట్టిన బిడ్డ, వీళ్లకు ఓఏఈ ఒక్కటే చేసి పాస్ అని రాయడం పరీక్ష చేయనట్టే. వీళ్లలో కొందరికి బయటి రోమకణాలు చక్కగా ఉంటాయి, లోపలి కణాలో నరమో దెబ్బతిని ఉంటుంది. మిషను కణాల చప్పుడు విని పాస్ అంటుంది. మెదడుకు మాత్రం శబ్దం ముక్కలు ముక్కలుగా చేరుతుంది, లేదా చేరనే చేరదు. దీన్ని ఆడిటరీ న్యూరోపతి అంటారు. తల్లిదండ్రుల చేతిలో పాస్ చీటీ ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు. రెండేళ్లకు మాటలు రాలేదని వస్తారు.

వీళ్లకు చేయాల్సింది ఏబీఆర్. మన దగ్గర అందరికీ తెలిసిన పేరు బెరా. తల మీద మూడు ఎలక్ట్రోడ్లు అంటించి, క్లిక్కులకు నరం, మెదడు కాండం ఇచ్చే విద్యుత్ జవాబును చూస్తారు. స్క్రీనింగుకు వాడే ఆటోమేటిక్ రకం 35 డెసిబెల్స్ దగ్గర పాస్, రిఫర్ తనంతట తానే చెప్తుంది. బెంగళూరులో తయారై 2017లో విడుదలైన ‘సోహం’ అనే మన దేశపు పరికరం కూడా ఈ మెదడు కాండం పద్ధతిదే. ఇక్కడ ఒక్క నియమం ఉంది, గోడ మీద రాసి పెట్టుకోదగ్గది: ఏబీఆర్‌లో రిఫర్ వచ్చిన బిడ్డను ఓఏఈ చేసి పాస్ అని పంపకూడదు. న్యూరోపతి ఉన్న బిడ్డ సరిగ్గా ఆ సందులోంచే జారిపోతుంది.

ఓఏఈ పట్టలేనివి ఇంకొన్ని ఉన్నాయి. లోపం 30 డెసిబెల్స్ లోపు ఉంటే జవాబు వచ్చేస్తుంది. అంటే కొద్దిపాటి లోపం ఉన్న బిడ్డ పాస్ కావచ్చు. పుట్టినప్పుడు బాగుండి తర్వాత తగ్గేవి దీనికి తెలియవు: తల్లి కడుపులో సీఎంవీ అనే వైరస్ సోకిన బిడ్డలు, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చిన పిల్లలు, కొన్ని వంశపారంపర్య లోపాలు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు మన రెండు రాష్ట్రాల్లో ఇంకా చేసుకుంటున్నారు. తల్లీ తండ్రీ ఇద్దరూ బాగా వింటూనే ఒకే లోపపు జన్యువును మోస్తూ, అది బిడ్డలో కలిసే అవకాశం అక్కడ పెరుగుతుంది. మేనరికమైతే, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచి చెవుడు ఉంటే, పాస్ చీటీ వచ్చినా పరీక్ష అక్కడితో ఆపొద్దు. తొమ్మిదో నెలకల్లా ఇంకోసారి ఆడియాలజిస్టుకు (వినికిడి నిపుణులకు) చూపించండి. అలాగని మేనరికం కానివాళ్లకు పరీక్ష అక్కర్లేదనుకోవద్దు. పుట్టు చెవుడున్న పిల్లల్లో దాదాపు సగం మందికి ముందుగా చెప్పుకోదగ్గ కారణమేదీ కనిపించదు. అందుకే ప్రతి బిడ్డకూ చేయాలనడం.

పెద్దల విషయం క్లుప్తంగా. వయసుతో వచ్చే చెవుడు ఎంతో ఇది కొలవదు, దానికి ఆడియోమెట్రీయే. వైకల్య సర్టిఫికెట్ల కోసం వచ్చేవాళ్లలో వినపడనట్టు నటించేవాళ్లను పట్టుకోవడానికి ఓఏఈ సాయపడుతుంది, కాక్లియా చప్పుడును ఎవరూ బిగబట్టి ఆపలేరు. కానీ న్యూరోపతి ఉన్నవాళ్లకూ ఓఏఈ వస్తుంది. ఈ ఒక్క చీటీతో ‘నటిస్తున్నాడు’ అని రాయడం అన్యాయం, బెరా తోడుండాలి.

ఇంట్లో చేసే పరీక్ష గురించి కూడా చెప్పాలి. పళ్లెం మీద గరిటెతో కొడితే ఉలిక్కిపడ్డాడు, చప్పట్లకు తిరిగాడు, కాబట్టి చెవులు బాగున్నాయి అంటారు. పళ్లెం మోత ఎంత పెద్దదంటే గట్టి లోపమున్న బిడ్డ కూడా ఉలిక్కిపడొచ్చు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది తిప్పుతుంది. గాలి, నీడ, మంచం అదురు కూడా తిప్పుతాయి. ‘వాళ్ల నాన్నకీ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు’ అన్న మాట మీద ఎంతమంది పిల్లల విలువైన నెలలు పోతున్నాయో.

ఆసుపత్రుల వాళ్లకు నాలుగు మాటలు

మిషను లక్షల్లో పడుతుంది, కానీ మొదట పాడయ్యేది చిటికెన వేలంత ప్రోబే. కొనేటప్పుడే ప్రోబు ధర, రావడానికి పట్టే రోజులు, అది రిపేరులో ఉన్నన్నాళ్లు బదులు ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. టిప్పుల్లో పసిబిడ్డల సైజులు ఒకటి రెండు రకాలు కాకుండా అన్నీ పెట్టుకోండి. బిడ్డ బిడ్డకూ టిప్ మార్చాలి. ఏడాదికోసారి కాలిబ్రేషన్ (మిషను కొలతలు సరిచూడడం) మానకూడదు.

రోజూ పొద్దున రెండు నిమిషాల పని ఒకటుంది, చాలాచోట్ల చేయరు. మిషనుతో ఇచ్చే చిన్న ప్లాస్టిక్ కుహరంలో ప్రోబు పెట్టి పరీక్ష నడపండి. అక్కడ కాక్లియా లేదు, కాబట్టి రిఫర్ రావాలి. పాస్ వచ్చిందంటే మిషను తన రొదనే తాను వింటోంది, ఆ రోజు పాస్‌లన్నీ అనుమానమే. తర్వాత బాగా వినే సిబ్బంది ఒకరి చెవిలో పెట్టండి. పాస్ రావాలి. రాకపోతే ప్రోబు మూసుకుపోయింది, ఆ రోజు రిఫర్‌లన్నీ అనుమానమే. సన్నటి క్లీనింగు తీగతో గానీ మార్చే కొసతో గానీ శుభ్రం చేసి మళ్లీ చూడాలి. ఒక్కసారిగా వరసపెట్టి ఐదారుగురికి రిఫర్ వచ్చిందంటే పిల్లల్ని కాదు, ప్రోబును అనుమానించాలి.

డ్యూటీ ఎవరికి పడితే వాళ్లు చేసే పద్ధతి వద్దు. ఇద్దరికి నేర్పించి వాళ్లకే అప్పగించండి. చేయి కుదిరేకొద్దీ రిఫర్‌లు తగ్గుతాయి. రెండు దశలూ అయ్యాక పూర్తి పరీక్షకు పంపాల్సినవాళ్లు నూటికి నలుగురి లోపే ఉండాలని అమెరికా పిల్లల వినికిడి సంయుక్త కమిటీ 2007లో పెట్టిన కొలత ఉంది. మీ రిజిస్టరుతో పోల్చి చూసుకోండి.

రిజిస్టరు అన్నాం కాబట్టి, అందులో రెండు ఫోను నంబర్లు రాయండి. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలో ఐదో నెలో బిడ్డ అత్తారింటికి, వేరే ఊరికి వెళ్తుంది. తండ్రి నంబరు ఒక్కటే ఉంటే ఆయనకు తేదీ గుర్తుండదు, అమ్మమ్మ నంబరు ఉంటే బిడ్డ వస్తుంది. రెండో పరీక్ష తేదీని బారసాల దగ్గర పెట్టండి, ఆ రోజు ఎవరూ మరిచిపోరు. అదీ తప్పితే నెలన్నర టీకాకు వచ్చినప్పుడు మిషను టీకా గదిలోనే ఉండాలి. ఒక చెవికే రిఫర్ వచ్చినా తిరిగి చేసేటప్పుడు రెండు చెవులకూ చేయాలి.

రెండోసారీ రిఫర్ వస్తే

ఒకటో నెలలోపు స్క్రీనింగు, మూడో నెలలోపు నిర్ధారణ, ఆరో నెలలోపు చికిత్స మొదలు, చాలా దేశాలు పాటించే లెక్క ఇది. రెండో ఓఏఈలోనూ రిఫర్ వస్తే మూడో ఓఏఈ కోసం తిరగొద్దు. నేరుగా పూర్తి బెరాకు వెళ్లాలి. దానితోపాటు మధ్యచెవిలో నీరుందేమో చూసే టింపనోమెట్రీ చేస్తారు. ఆరు నెలల లోపు బిడ్డకు అది 1,000 హెర్ట్జ్ స్వరంతో చేయాలి. పెద్దలకు వాడే 226 హెర్ట్జ్‌తో చేస్తే నీరున్న చెవి కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. చీటీ మీద ఆ అంకె చూసుకోండి.

ఖర్చు భయమున్నవాళ్లకు దారులున్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం చూసే లోపాల్లో పుట్టు చెవుడు ఉంది. దాని కింద నడిచే జిల్లా డీఈఐసీ (పిల్లల లోపాలను తొందరగా పట్టి చికిత్స చేసే) కేంద్రాల్లో డబ్బు తీసుకోరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. లోపం తేలితే నెలల పిల్లలకు కూడా చెవి మిషన్లు పెడతారు. వాటితో సరిపోనంత లోపమైతే కాక్లియర్ ఇంప్లాంటు ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో ఉంది. వాటికి వయసు పరిమితి ఉంటుంది కనుక అడగడం ఆలస్యం చేయొద్దు.

బెరాకు వెళ్లే రోజు బిడ్డను దారిలో నిద్రపోనివ్వకండి. పాలు కొంచెం ఆలస్యం చేసి, అక్కడికి వెళ్లి ఎలక్ట్రోడ్లు అంటించాక పట్టండి. నుదుటికి, చెవుల వెనక నూనె, పౌడరు, కాటుక చుక్క ఏవీ వద్దు, ఎలక్ట్రోడ్లు అంటవు. ఆకలి, నిద్ర రెండూ కలిసొచ్చిన బిడ్డ ఒడిలోనే గంటసేపు పడుకుంటుంది, మత్తుమందు అవసరం చాలావరకు రాదు. మొదటి ఓఏఈ చీటీ వెంట తీసుకెళ్లడం మరవకండి, ఏ గడి ఖాళీగా ఉందో వాళ్లు చూడాలి.